రెండు మోకాళ్ల బేరం

దిల్‌సుఖ్‌నగర్‌లో బేరమాడేవాళ్లకు కొదవ లేదు. కానీ మోకాలి ఆపరేషన్ రేటు నచ్చలేదని పెద్ద డాక్టరు ముందునుంచి సంచి తీసుకుని లేచి వచ్చేసిన మనిషి, నాకు తెలిసినంతలో, నేనొక్కదాన్నే. ఒక మోకాలికి లక్షా తొంభై వేలన్నాడు. లక్షా నలభై అన్నాను. నవ్వాడు. లేచాను. అంత ఠీవిగా లేచిన బేరం నా జన్మలో ఇంకొకటి లేదు. అంత నిండా మునిగిన బేరమూ ఇంకొకటి లేదు.

లేచి రావడం మా వ్యాపారంలో ఒక విద్య. మా నాయనకు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన బోర్లించిన గంగాళం మీద కూర్చుని నేను పెరిగాను. రేటు నచ్చక గిరాకీ లేచిపోతుంటే నాయన తలెత్తేవాడు కాదు. ఆమె చెప్పులు వేసుకునేదాకా ఒకటి, మెట్టు దిగేదాకా రెండు, పక్క కొట్టు ముందు ఆగేదాకా మూడు. మూడు లెక్కపెట్టాక, "అక్కా, జర ఇటు రా, నీ మాటే కానీ" అనేవాడు. పిలుస్తాడని లేచినామెకు తెలుసు, ఆగుతుందని నాయనకు తెలుసు. అందుకే లేచినవాళ్లు మెల్లగా నడవాలి. పిలిచేవాడికి టైమివ్వడం మర్యాద.

ఆ రోజు ఎల్బీనగర్ దవాఖానలో నేను చాలా మర్యాదగా నడిచాను. మోకాలు పాడైన మనిషికి మెల్లగా నడవడం నేర్పనక్కర్లేదు. వరండా దాటడానికి అయిదు నిమిషాలు పట్టింది. లిఫ్టు ఉన్నా మెట్లు పట్టాను, ఆయనకు ఇంకాస్త వ్యవధి దొరుకుతుందని. కింద మందుల షాపులో అక్కర్లేని బామ్ కొన్నాను. ఎదురుగా చాయ్ బండి దగ్గర ఒక చాయ్ రెండు చాయ్‌ల సేపు తాగాను. ఆటోలో ఒక కాలు పెట్టి కూడా ఒకసారి వెనక్కి చూశాను. ఎవరూ పిలవలేదు.

ఆటోలో మా ఆయన పక్కనే ఉన్నాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, లోడు ఎక్కేదాకా నోరు మెదపకపోవడం అలవాటు. చంపాపేట్ మలుపులో మాత్రం అన్నాడు, "నువ్వు రేటుకు లేచినవా, ఇంకోదానికి లేచినవా?"

ఇంకోదానికే లేచాను. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

నాది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొస్తే దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లైనింగు, ఫాల్ ఇస్తాను. పది అడుగుల వెడల్పు కొట్టు. నేల నిండా పరుపు, పరుపు మీద తెల్ల దుప్పటి, మూడు గోడలకూ బట్ట తానులు. గిరాకీ చెప్పులు విప్పి వచ్చి పరుపు మీద కూర్చుంటుంది, ఎదురుగా నేను సక్లముక్లం పెట్టుకుని కూర్చుంటాను. ఇద్దరి మధ్య బట్ట పరుచుకుంటుంది. నిలబడ్డ గిరాకీ ఒక్క అడుగులో పోతుంది. కూర్చున్న గిరాకీ పోవాలంటే ముందు లేవాలి, కొంగు సర్దుకోవాలి, చెప్పులు వెతుక్కోవాలి, అంతలో నేను ఇంకో తాను విప్పేస్తాను. నా వ్యాపారమంతా ఆ పరుపు మీదే ఉందని నా నమ్మకం. డాక్టరు రేటు చెప్పడానికి ముందు ఒక మాట చెప్పాడు. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"నొప్పి లేకుండా నడుస్తారండి, మెట్లెక్కుతారు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మాత్రం ఇక ఉండదు. అది మర్చిపోవాలి."

బాసింపట్టన్నా సక్లముక్లమన్నా ఒకటే. నా కొట్టు. నేను కింద కూర్చోలేకపోతే షట్టర్ కిరాయికి ఇచ్చేద్దామని మా ఆయన అప్పటికే ఏడాదిగా అంటున్నాడు. పక్కన మొబైల్ కవర్లు అమ్మేవాళ్లు మంచి కిరాయి ఇస్తామని తిరుగుతున్నారు. అంటే ఆ డాక్టరు నాకు మోకాలు ఇచ్చి కొట్టు తీసుకుంటానంటున్నాడు. ఆ మాట పైకి అనలేక రేటు మీద లేచాను.

ఇక మోకాలు సంగతి. అది ఒక్కరోజులో పోలేదు, వాయిదాల పద్ధతిలో పోయింది. మొదట పొద్దునపూట పట్టేసేది. మంచం దిగి నాలుగడుగులు వేసేదాకా తుప్పు పట్టిన షట్టర్, తర్వాత మామూలే. కొన్నాళ్లకు చప్పుడు మొదలైంది, లేస్తుంటే లోపల ఎవరో పుట్నాలు నములుతున్నట్టు. ఆ తర్వాత మెట్లు. మెట్రో స్టేషన్ ఎక్కడం కన్నా దిగడమే కష్టమని కనిపెట్టాను, పట్టాలు తప్ప ఆ స్టేషన్‌లో మిగతా అన్నిటినీ పట్టుకుని దిగేదాన్ని. చివరికి ఆకారం మారింది. కుడికాలు బయటికి వంగింది. నీ కాళ్ల మధ్యనుంచి ఆటో పోతదన్నాడు మా ఆయన. మీటరు మీద పోతదా, బేరం మీద పోతదా అని అడిగాను.

మా గల్లీ డాక్టరమ్మ మొదటి ఏడాదే ఎక్స్‌రే తీయించి అంతా చెప్పింది. కీలు లోపలి వైపు మెత్త అరుగుతోంది, అరిగింది మళ్లీ రాదు, మిగిలింది కాపాడుకోవాలి అంది. ఎనిమిది కిలోలు తగ్గమంది, తొడ కండ గట్టిపడటానికి రోజూ కాలు చాపి ఎత్తమంది, కింద కూర్చోవడం మానమంది. మూడూ ఉచితం. ఉచితంగా ఇచ్చే సరుకు మీద నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం లేదు. డబ్బు పెట్టి కొనేవి మొదలుపెట్టాను. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒకాయన ఆకుపసరు నూనె అమ్ముతాడంటే పోయి, రెండు సీసాలకు మూడోది ఊరికే వచ్చేట్టు మాట్లాడుకున్నాను. అయస్కాంతం పట్టీ కొన్నాను. అది మోకాలికి పనికిరాలేదు గాని కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి భేషుగ్గా పనిచేసింది. మోకాల్లోకి సూది వేయించుకున్నాను. మొదటి సూదికి నాలుగు నెలలు హాయి, రెండోదానికి రెండు, మూడోదానికి సూది నొప్పి తప్ప ఏమీ లేదు.

ఇదంతా అయ్యాకే ఎల్బీనగర్ డాక్టరు దగ్గరికి పోయింది. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. బట్ట చూసే కళ్లకు ఏదైనా ఇట్టే అర్థమవుతుంది. బయటి వైపు ఎముకల మధ్య సందు ఉంది. లోపలి వైపు నూలుపోగు కూడా దూరదు. ఎముక మీద ఎముక. ఆ ఎక్స్‌రే సంచిలో పెట్టుకుని లేచి వచ్చాను.

తర్వాత రెండేళ్లు మళ్లీ ఆ నూనెలూ పట్టీలూ సూదులతోనే నెట్టుకొచ్చాను. ఆ దవాఖాన ముందునుంచి బస్సు పోతుంటే కిటికీ వైపు కూర్చునేదాన్ని. పిలుస్తాడని కాదు. సరే, కొంచెం పిలుస్తాడనే. కుడికాలు దాచుకుంటూ ఎడమకాలి మీద బతికాను. ఎడమది పాపం నోరు లేని మనిషిలా మోసింది, మోసింది, రెండో చలికాలానికి అదీ పుట్నాలు నమలడం మొదలుపెట్టింది.

ఆషాఢం సేల్ రోజుల్లో అసలు తమాషా జరిగింది. ఆరు జాకెట్టు ముక్కలు కావాలని ఒకామె కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. రాణీ రంగు తాను పై అరలో ఉంది. లేద్దామని కుడిచేయి పరుపు మీద ఆనించాను. కుడి మోకాలు రానంది. ఎడమదాన్ని అడిగాను. అదీ రానంది. అటూ ఇటూ ఊగుతున్నాను తప్ప లేవడం లేదు. ఆ తల్లీకూతుళ్లు చెరో చంక కింద చేయి వేసి నన్ను బట్ట తానును లేపినట్టు లేపి నిలబెట్టారు. నేను రాణీ రంగు తీసి పరిచాను. ఆమె బట్ట వేళ్ల మధ్య నలిపి చూసి, నా మొహం చూసి, ఏమాత్రం తడుముకోకుండా అంది.

"అమ్మా, నిన్ను లేపినం గద. మీటరుకు పది రూపాయలు తగ్గియ్యి."

తగ్గించాను. అంత న్యాయమైన బేరం నాకు ఎవరూ చేయలేదు. ఆమె పోయాక నవ్వు ఆగలేదు. నవ్వుతూనే చూస్తే గుమ్మం దగ్గర మా ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు. ఆయన నవ్వలేదు. లోపలికొచ్చి డబ్బా పెట్టి, నేను తినేదాకా ఆగి, ఒకే ఒక రేటు చెప్పాడు.

"ఉగాది దాక చూస్త. నీ కాళ్ల మీద నువ్వు వొచ్చి షట్టర్ లేపితే కొట్టు నీది. లేకుంటే కిరాయికే."

బేరం లేదా అని అడిగాను. లేదన్నాడు.

మర్నాడే ఎల్బీనగర్ పోయాం. రెండేళ్ల కింద లేచిపోయినదాన్ని నేనే అని చెప్పుకోవాలా వద్దా అని దారంతా మథనపడ్డాను. ఆయన దెప్పితే ఏం జవాబివ్వాలో కూడా సిద్ధం చేసుకున్నాను. లోపలికి వెళ్లి కూర్చోగానే నేనే బయటపడ్డాను. ఆయన పాత కాగితం తిరగేసి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"అవునా అండి? మీరు బాత్రూముకి వెళ్లారనుకున్నాను. కాసేపు చూసి తర్వాత పేషెంటుని పిలిచేశాను."

నా జీవితంలో అతి గొప్ప లేవడం ఆయనకు బాత్రూము. మా ఆయన అప్పుడు నవ్వాడు, కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు.

రెండు మోకాళ్లూ మార్చాలన్నాడు డాక్టరు. రేటు ఒక్కోదానికి రెండు లక్షల ఇరవైకి చేరింది. బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం కూడా ఏడాదికొక్కసారే పెరుగుతుంది, మీదేంది సారూ అన్నాను. రెండూ ఒకేసారి తీసుకుంటా, హోల్‌సేల్ రేటు చెప్పమన్నాను. ఆయన నా షుగరు, బీపీ కాగితాలు చూపించి, మీ వయసుకు ఒక్కోటి చేయడమే క్షేమం, మూడు నెలల ఎడం ఉండాలి అన్నాడు. తగ్గింపు గురించి బిల్లు కౌంటర్లో అడగమన్నాడు. ఎడమది చెడిపోవడం నా తప్పేనా అని అప్పుడే అడిగాను, మా ఆయన ముందే అడిగాను. చెప్పలేమండి, చాలామందికి రెండూ వస్తాయి, మీరు రెండేళ్ల కిందే చేయించుకున్నా వచ్చేదేమో అన్నాడు. ఆయన నన్ను తప్పు నుంచి తప్పించినందుకు సంతోషించాలో, రేటు తగ్గించనందుకు ఏడవాలో తెలియలేదు.

నడుముకు సూది వేసి చేశారు. నడుము కింద నేను లేను, నడుము పైన మొత్తం ఉన్నాను. మెదడుకు కూడా ఏదో మందు ఎక్కించినట్టున్నారు, అంత హుషారు నాకు పెళ్లినాడు కూడా లేదు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. అవతల రంపం, తర్వాత సుత్తి. టంగు టంగుమని చప్పుడు వస్తుంటే మా నాయన కొట్టులో ఉన్నట్టే ఉంది. ఆయన గిన్నెను వేలి కణుపుతో తట్టి గేజి చెప్పేవాడు. అది ఏం లోహం సారూ, స్టీలేనా అని గుడ్డ ఇవతలనుంచి అరిచాను. మిశ్రమ లోహమండి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ అన్నారు. ప్లాస్టిక్‌కు కూడా స్టీలు రేటే వేశారా అని అడిగానట. మత్తు డాక్టరమ్మ తర్వాత మా ఆయనకు చెప్పింది, గంటసేపూ ఎవరికీ విసుగు పుట్టనివ్వలేదని.

మర్నాడు వాకర్ ఇచ్చి నిలబెట్టారు. నొప్పి లేదని అబద్ధమాడను. పాత నొప్పి అరిగిన నొప్పి, ఇది కోసిన నొప్పి. పాతది ఏడాదికేడాది పెరిగింది, ఇది రోజురోజుకీ తగ్గింది, తేడా అంతే. కానీ కాలు చూశాను. వంకర పోయింది. గజం బద్దలా నిటారుగా ఉంది. దాని పక్కన ఎడమది ఇంకా విల్లు. మూడు నెలలు ఒక కాలు కొత్త సరుకు, ఒక కాలు పాత సరుకుగా తిరిగాను. నడుస్తుంటే పడవలో ఉన్నట్టు ఊగేదాన్ని.

కాలు వంచడం నేర్పడానికి ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చేది. వంపు కొలిచే పరికరం ఒకటి మోకాలి మీద పెట్టి ఎన్ని డిగ్రీలు వంగిందో చెప్పేది. కొలత అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి రోజు డెబ్బై వంగింది.

"నూటపది కావాలె పెద్దమ్మా, ఈ వారంల."

"ఎనభై చేస్కో బిడ్డా. మొదటి గిరాకీని."

"ఎనభైకి కుర్చీల కూడ కూసోలేవు. సరే, నూట అయిదు."

"ఎనభై అయిదు. నువ్వూ నేనూ ఇద్దరం బాగుండాలె."

అలా పళ్లు బిగించుకుని, కన్నీళ్లు కారుస్తూ, ఒక్కో డిగ్రీకీ కొట్లాడి తొంభై అయిదు దగ్గర కుదుర్చుకున్నాను. గెలిచానని సాయంత్రం దాకా పొంగిపోయాను. వారం చివరి రోజు తెలిసింది, ఆ వారానికి ఆమెకు కావలసింది తొంభైయే. వాళ్లది సూర్యాపేటలో కిరాణం కొట్టు. తండ్రి గల్లా పక్కన కూర్చుని పెరిగిందట.

రెండో మోకాలు కార్తీకంలో అయింది. అది మొదటిదానికన్నా మొండిది, నూటికి చేరడానికి నెలన్నర పట్టింది. రెండు కాళ్లూ నిటారయ్యాక తేలిందేమిటంటే, నేను పొడుగయ్యాను. బొటనవేలు వెడల్పంత. పాత చీరలన్నీ మడమల పైకి లేచాయి. నా ఫాల్‌లు నేనే మళ్లీ కొనుక్కోవాల్సి వచ్చింది, నా కొట్టులోనే, తగ్గింపు లేకుండా.

ఇంతలో ఉగాది దగ్గరికొచ్చింది. నడుస్తున్నాను, ఇంటి మెట్లు ఒక్కోటి ఎక్కుతున్నాను, దిగుతున్నాను. కింద మాత్రం కూర్చోలేను. మొబైల్ కవర్లవాళ్లు టేపు తెచ్చి నా షట్టర్ వెడల్పు కొలుచుకుపోయారని తెలిసింది. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. ఫిజియో అమ్మాయి, నూటపదిహేను వచ్చింది పెద్దమ్మా అని చప్పట్లు కొడుతుంటే, నాకు కావలసింది ఆ లెక్క కాదు బిడ్డా, నేల అన్నాను. ఆ అమ్మాయి పరికరం సంచిలో పెట్టుకుంటూ, నేల ఎత్తు పెంచుకోరాదా, మా నాయన కౌంటర్ వెనుక నిలవడే అమ్ముతడు అంది. కిరాణం వేరు, జాకెట్టు ముక్క వేరు అని వాదించాను. వాదిస్తూనే వడ్రంగికి ఫోన్ చేశాను.

పరుపు తీయించాను. నడుము ఎత్తు కౌంటర్, నాకు ఎత్తు కుర్చీ, ఎదురుగా గిరాకీకి నాలుగు కుర్చీలు. తెల్ల దుప్పటి మడతపెట్టి మా ఆయన చేతికిచ్చినప్పుడు నా పని అయిపోయిందనే అనుకున్నాను. కుర్చీలో కూర్చున్న గిరాకీ నిలబడ్డదానితో సమానం, చటుక్కున లేచిపోతుంది. ఉగాదికి వారం ముందు పొద్దున్నే నేనే షట్టర్ లేపాను. రెండు చేతులతో, రెండు కాళ్ల మీద నిలబడి. మా ఆయన పక్కన నిలబడి చూశాడు గాని చేయి వేయలేదు.

పదకొండింటికి చంపాపేట్‌లో ఉండే రిటైరైన టీచరమ్మ వచ్చింది. ఒకప్పుడు నెలకు రెండుసార్లు వచ్చే మనిషి, నాలుగేళ్లుగా పత్తా లేదు. పక్క సందులో మ్యాచింగ్ సెంటర్ రేట్లకు పడిపోయిందని నేను తీర్మానించుకున్నాను. ఆమెతోపాటు ఇంకా చాలామంది పాతవాళ్లు జారిపోయారు. వాళ్లకోసమే నాలుగేళ్లుగా మీటరుకు అయిదూ పదీ తగ్గిస్తూ వచ్చాను. అయినా ఒక్కరూ తిరిగి రాలేదు. ఆమె గుమ్మంలో ఆగి కుర్చీలను చూసింది, వచ్చి ఒకదానిలో కూర్చుని నిట్టూర్చింది.

"ఎప్పుడేసినవమ్మా గీ కుర్చీలు? నాలుగేండ్ల సంది నీ కొట్టు ముందలికెంచే పోతున్న. కింద కూసుంటే లేవరాదని లోపలికి రాలే."

రేటా, రేటు ఏమైనా ఎక్కువ అనిపించిందా అని అడిగాను. నీ రేటు ఎప్పుడు చూసిన నేను, నీ పరుపు చూసి పోయిన అంది. నేను కౌంటర్ మీద తలపెట్టి నవ్వాను. ఆమెకు అర్థం కాలేదు. నా మోకాళ్లు అరిగినప్పుడే నా గిరాకీల మోకాళ్లూ అరిగాయి. అందరం ఒక వయసువాళ్లమే. వాళ్లు ఏది చూసి భయపడ్డారో, దాని మీదే కూర్చుని నేను రేట్లు తగ్గిస్తున్నాను. ఆ వారంలో అట్లాంటివాళ్లు ఇంకో ముగ్గురు వచ్చారు. కుర్చీలో కూర్చున్న మోకాళ్ల మనిషి చటుక్కున లేవదని కూడా తెలిసింది. లేవాలంటే రెండు చేతులూ కావాలి, అంతలో నేను రెండు తానులు విప్పుతున్నాను.

ఉగాది సాయంత్రం మా ఆయన మొబైల్ కవర్లవాళ్లకు ఫోన్ చేసి లేదని చెప్పాడు. తర్వాత కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. గుమాస్తా గదా, లెక్క తేలకపోతే నిద్రపట్టదు. కూర్చుని రాశాం. దాచకుండా రాస్తున్నాను.

రెండు ఆపరేషన్లు నాలుగు లక్షల నలభై వేలు. బిల్లు కౌంటర్లో రెండుసార్లు నిలబడి సాధించిన తగ్గింపు అయిదు వేలు. పరీక్షలు, మందులు, ఫిజియో యాభై రెండు వేలు. ఆ రెండేళ్లలో నూనెలకు, పట్టీలకు, సూదులకు, ఆటోలకు నలభై ఏడు వేల అయిదు వందలు. కౌంటర్, కుర్చీలు ముప్పై ఎనిమిది వేలు. మొత్తం అయిదు లక్షల డెబ్బై రెండు వేల అయిదు వందలు. ఇందులో నేను సంచి తీసుకుని లేచినందుకు పడిన ఖర్చు విడిగా రాయమన్నాడు మా ఆయన. ఎడమ మోకాలు ఎట్లాగూ పోయేదనే లెక్కలో, పెరిగిన రేటు అరవై వేలు, నూనెలూ సూదులూ కలిపి, వచ్చిన తగ్గింపు తీసేస్తే, లక్షా రెండు వేల అయిదు వందలు. నాలుగేళ్లుగా, రేటు చూసి పోని గిరాకీ కోసం, రాని గిరాకీ కోసం తగ్గించిన అయిదులూ పదులూ ఎంతో మాకు తేలలేదు. దాని ఎదురుగా ఖాళీ వదిలాం.

నొప్పి విషయం. కుడికి లేదు. ఎడమకు మెట్లు దిగేటప్పుడు కొంచెం ఉంది. రెండు కుట్ల పక్కనా అరచేయంత మేర స్పర్శ లేదు, రాకపోవచ్చు అన్నారు. కింద కూర్చోవడం పోయింది, అది రాదు. అదీ రాశాను.